నిజాంపట్నం వాళ్లకంటే ముందు

"గంటన్నర. ఒక్క నిమిషం కూడా దాటకూడదు," అన్నాడు ఎజ్రా, చేతి గడియారం అందరికీ చూపిస్తూ. "ముసలీ ముతకా, పిల్లా మేకా, పాలెం మొత్తం ఈ రెండు లారీలెక్కాలి. ఆ తర్వాత కర్లపాలెం హైస్కూలు చేరాలి. రాత్రికి భోజనం అక్కడే, పడకా అక్కడే. నిజంగా తుఫానొస్తే ఎట్టా చేస్తారో అట్టాగే చెయ్యాలి."

ఎజ్రా బాపట్లలో ఒక ఎరువుల కంపెనీలో గుమాస్తా. ఆ ఆఫీసు ఉద్యోగులు ఏడుగురు కలిసి నెలకో ఆదివారం సముద్రం ఒడ్డునున్న ఈ పాలేనికి వస్తుంటారు. పిల్లలకు పలకలూ పెద్దలకు జ్వరం మాత్రలూ పంచిపెట్టి, రొయ్యల కూరతో భోంచేసి వెళ్తారు. వీళ్ల సేవ గొప్పదో, వాళ్ల రొయ్యలు గొప్పవో తేల్చడం కష్టం.

"ఇయ్యాళ బుధవారం గదా బాబూ?" అంది మంగాయమ్మ. పాలెంలో అందరికంటే పెద్దది ఆవిడే.

"పోటీ మామ్మా. గెలిచిన పాలేనికి పది నైలాను వలలు ఇస్తారు."

నైలాను వలలు అప్పుడప్పుడే కంటపడుతున్న రోజులవి. జనంలో కదలిక వచ్చింది.

"నిజాంపట్నం వాళ్లు గంటా పాతిక నిమిషాల్లో ఎక్కేశారంట," అని ఇంకో మాట వదిలాడు ఎజ్రా.

ఆ ఒక్క మాటా చాలింది. వలలు లేకపోయినా ఈ పాలెం బతుకుతుంది గానీ, నిజాంపట్నం వాళ్ల చేతిలో ఓడి బతకలేదు. ఆడవాళ్లు కొంగులు బిగించారు. చాపలు, చట్లు, కోళ్ల గంపలు లారీల్లోకి ఎగిరాయి.

ఎండ లేదు, వాన లేదు. తాటాకు కదలడం లేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఉక్క. ఎజ్రాకు మాత్రం వేళ్లు చల్లబడుతున్నాయి. భయం. పుట్టి బుద్ధెరిగాక ఇంత భయం అతనికి తెలియదు. ఎక్కినవాళ్లను లెక్కపెడతాడు, మర్చిపోతాడు, మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాడు.

"ఏంటి బాబూ ఆ ఒణుకు?" అంది మంగాయమ్మ. "పోటీ సరిగ్గా జరక్కపోతే ఉద్యోగం పీకేత్తారా ఏంటి?"

"అంతే మామ్మా. ఒక్క మనిషి మిగిలిపోయినా నా పనైపోయినట్టే."

"అయ్యో నా తండ్రి!" ఆవిడ గబగబా మేకను విప్పింది. "పోయినేడు తుఫాను తుఫానని రెండుసార్లు లారీలెక్కించారు. చినుకు రాలితే ఒట్టు. తిరిగొచ్చేసరికి నా కోళ్లన్నీ మాయం. మళ్లీ ఆ మాటంటే చీపురు తిరగేత్తా. ఇదైతే నయం, అన్నమన్నా పెడతారు."

అటు పెద్ద గుమాస్తా జగన్నాథరావు, కుంటి బాలస్వామిని వీపున వేసుకుని ఇసకలో పరుగెత్తుకొస్తున్నాడు. ఆఫీసులో మంచినీళ్ల గ్లాసు కూడా తన చేత్తో అందుకోని మనిషి!

"మెల్లగా గుమాస్తాగారో! పంచె ఊడుద్ది!" అని ఆడవాళ్లు విరగబడి నవ్వారు.

జగన్నాథరావు నవ్వలేదు. బాలస్వామిని లారీలో దించి, మళ్లీ గుడిసెలవైపు పరుగెత్తాడు.

పడవలన్నీ పైకి లాగించి తాటిచెట్లకు కట్టించాడు ఎజ్రా. దానికీ మార్కులున్నాయన్నాడు. పాలేనికంతా ఒకే ఒక్క ట్రాన్సిస్టరు, యలమందది. పాటలు వింటూ కూర్చుంటే పోటీ పాడవుద్దని చెప్పి, అది పుచ్చుకుని తన సంచీలో వేసుకున్నాడు.

గంటా పది నిమిషాలైంది. తొంభై నాలుగు మంది ఉండాలి. తొంభై మూడే తేలారు.

యలమంద లేడు. కట్టిన పడవ విప్పుకుని నీళ్లలోకి తోస్తున్నాడు.

"తెల్లారగట్ట వేసిన వల నీళ్లలోనే ఉంది సార్," అని కేకేశాడు. "మీరు పోతా ఉండండి. అది లాక్కుని, దీపాలేళకి నేనే నడిచొత్తా."

ఎజ్రా పరుగెత్తాడు. చెప్పులు ఇసకలోనే ఉండిపోయాయి. మోకాలి లోతు నీళ్లలోకి దిగి పడవ అంచు పట్టుకున్నాడు.

"వద్దు యలమందా. నీ కాళ్లు పట్టుకుంటా."

అనడమే కాదు, వంగాడు కూడా. యలమంద బిత్తరపోయి వెనక్కి జరిగాడు.

"అంత మాటేంటి సార్! పాడు ఉద్యోగం, అది పోతే ఇంకోటి రాదా?"

ఇంతలో లారీ మీదినుంచి మంగాయమ్మ గొంతు సముద్రం హోరును మించి లేచింది.

"ఒరే యలమందా! నీ చిరుగుల వల కోసం నిజాంపట్నం వాళ్ల ముందు మా తలకాయలు తీసేత్తావంట్రా? వచ్చి ఎక్కు!"

తొంభై మందీ ఆవిడకు వంత పాడారు. బూతులకు కొదవ లేదు. యలమంద ఉసూరుమంటూ పడవ మళ్లీ కట్టి, వచ్చి లారీ ఎక్కాడు.

లారీలు కదిలాయి. గంటా ఇరవై రెండు నిమిషాలు. పిల్లలు ఈలలు వేశారు. "గెలిచాం!" అని యలమందే అందరికంటే పెద్దగా అరిచాడు.

ఎజ్రా లారీ తలుపుకు చేరగిలబడిపోయాడు. దుఃఖం ఆగలేదు. మంగాయమ్మ మేకతాడు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కొంగు తీసి అతని మొహం తుడిచింది.

"ఊరుకో నాయనా. ఉద్యోగం నిలబడిందిగా. ఇంకా ఏడుపేంటి?"

అసలు పోటీయే లేదనీ, తెల్లారేలోగా తుఫాను ఈ ఒడ్డు మీదే విరుచుకుపడుతుందని పొద్దున బాపట్లకు కబురొచ్చిందనీ, ఆ రెండు లారీల్లో ఏడుగురికే తెలుసు.