పరీక్ష ఫైలు

"అందిందా అమ్మాయ్?" అన్నాడు కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటు ఫోన్‌లో.

అవతలి భవనంలో, లైబ్రరీ సర్వర్ గదిలో ఉంది ఇంజనీరమ్మ. చేతుల నిండా కేబుళ్లు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉంది. ఆఫీసు సర్వర్‌ది ఒక ప్రోటోకాల్, లైబ్రరీ సర్వర్‌ది ఇంకొకటి. ఒకదాని మాట ఇంకొకదానికి తెలియదు. ఆ రెంటినీ కలపడానికి మూడు నెలలు సెలవన్నది లేకుండా పనిచేసింది. కలిపితే ఉద్యోగం పర్మనెంటు చేయిస్తానని ఆయనే మాటిచ్చాడు.

"పరీక్షకి ఒక ఫైలు వదిలాను. తెరిచి పైకి చదువు. అక్షరాలు చెదరకుండా వచ్చాయో లేదో చూడాలి కదా."

"పార్టీ ఎప్పుడక్కా?" అన్నాడు నిచ్చెన మీదున్న వైర్‌మన్.

ఆమె నవ్వుతూ కేబుళ్లు కింద పెట్టి ఫైలు తెరిచింది.

తన పేరే ఉంది. సర్వర్లు కలిసిన రోజే ఉద్యోగంలోంచి తీసేయాలని ఉత్తర్వు. తేదీ మూడు నెలల కిందటిది, ఆయన మాటిచ్చిన రోజుదే.

"చదవవేం?"

"అక్షరాలు చెదిరిపోయాయి సార్. అంతా గళ్లుగళ్లుగా వచ్చింది. సరిచేయడానికి ఇంకో నెల పడుతుంది."

"అలాగా! అయితే నేనే చదువుతాను. ఒక్కొక్క మాటా నీ ముందున్నదానితో పోల్చి చూసుకో."

ఆయన చదివాడు. పైకి, తొందర లేకుండా, తేదీతో సహా.

వైర్‌మన్ ఆమె వైపు చూడలేక తీగలు సర్దడం మొదలుపెట్టాడు.

"ఎక్కడైనా తేడా ఉందా తల్లీ?"

ఆమె తెర వంక మరోసారి చూసింది.

"లేదు సార్. పొల్లుపోకుండా వచ్చింది."