కొండ వంతు

"బావున్నారా సాకుమా గారూ?" అని పలకరించింది కినుయో.

సాకుమా తల ఊపాడు. అల్లం బిళ్లల పొట్లం వైపు వేలు చూపించాడు. డబ్బులు బల్ల మీద పెట్టి, నడుం వంచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అతను గుమ్మం దాటాడో లేదో కినుయో అందుకుంది.

"చూశావా బాబాయ్ ఆ టెక్కు! మూడేళ్ళయింది ఊళ్ళోకొచ్చి. మూడు మాటలైనా ఆడాడా? నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయి కాబోలు!"

కొట్టు ముందు బెంచీ మీద టీ తాగుతున్న గెంజిరో నవ్వాడు. ఆ కొండల మధ్య ఊరు యోబిసాకలో కాలవల పెద్ద ఆయనే. ఆదివారం పొద్దున్నే ఇంటికొకరు వచ్చి వరి మళ్ళ కాలవలో పూడిక తీయాలి. ఎవరి వంతు ఎప్పుడో ఆయనే చెబుతాడు.

"నీ దగ్గర తలైనా ఊపాడు. నా దగ్గరైతే పార పడేసి పోతాడు. మలుపులో టూరిస్టు బస్సు హారన్ మోగిందా, ఇక మనిషి ఆగడు. కొండెక్కేస్తాడు."

"బస్సంటే అంత కంటగింపెందుకో! మన పొట్ట నింపేదే అది."

"పట్నం మనిషి. జనాన్ని తప్పించుకోడానికే ఆ కొండ మీద పాడుబడ్డ ఇల్లు కొనుక్కున్నాడు. వదిలెయ్."

వదిలేస్తే ఆమె కినుయో ఎందుకవుతుంది? ఇంకో అరగంట సాకుమాని ఉతికి ఆరేసింది.

బస్సు గురించి మాత్రం ఆమె అన్నది నిజం. యోబిసాకలో మెట్లు మెట్లుగా దిగే వరి మళ్ళున్నాయి, కాళ్ళు ముంచుకుని కూర్చునే వేడినీటి తొట్టి ఉంది. కానీ జనం వచ్చేది ప్రతిధ్వని కోసం. కొట్టు పక్కన గట్టు మీద నిలబడి అరిస్తే ఎదురు కొండ తిరిగి పలుకుతుంది. అరిచి అరిచి ఆకలేసిన వాళ్ళు, కినుయో మిసో అనే సోయా పచ్చడి పూసి కాల్చే అన్నం ముద్దలు కొంటారు. కొండ మూగపోతే బస్సు రాదు. బస్సు రాకపోతే కొట్టు మూతే.

మూడేళ్ళ కిందట వానలకి ఎదురు కొండ చరియ విరిగిపడినప్పుడు ఆమెకి గుండె ఆగినంత పనైంది. కొన్నాళ్ళు కొండ పలకనే లేదు. వరి కోతల నాటికి దానంతటదే మళ్ళీ పలికింది. కాకపోతే గొంతు కాస్త మారింది.

"ముసలి కొండ కదమ్మా, బొంగురు పోయింది," అని ఆమె యాత్రికులకి చెప్పేది. వాళ్ళు నవ్వి ఇంకో ముద్ద కొనేవాళ్ళు.

ఒక శనివారం సాకుమా మెడకి గుడ్డ చుట్టుకుని, చేతిలో చిన్న పెట్టెతో కొట్టు ముందు ఆగాడు.

కినుయో ముద్దలు తిప్పుతోంది. ఓరకంట చూసింది గానీ తలెత్తలేదు.

అతను ఎదురు కొండకేసి చెయ్యి చూపించాడు. ఏదో చెప్పబోయాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఎప్పటికన్నా ఇంకా కిందికి వంగి దణ్ణం పెట్టి, టాక్సీ ఎక్కేశాడు.

"గొంతుకి ఆపరేషనట. ఇక మాట రాదన్నారట," అన్నాడు గెంజిరో, సాకుమా ఇచ్చి వెళ్ళిన తాళంచెవి జేబులో వేసుకుంటూ.

"ఉన్నప్పుడు మాత్రం ఏం వాడాడు గనక!" అంది కినుయో.

మర్నాడు బస్సొచ్చింది. పిల్లలు గట్టెక్కి అరిచారు.

కొండ పలకలేదు.

గొంతు చించుకుని అరిచారు. ఊహూఁ.

"ఏమ్మా, కొండకి జలుబా?" అన్నాడు గైడు. తర్వాత పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పాడు. "వచ్చే ఆదివారం కూడా ఇంతే అయితే బస్సు వేరే ఊరికి పోతుందమ్మా. నా చేతుల్లో లేదు."

ఆ వారమంతా కినుయోకి ముద్ద దిగలేదు. గాలి మళ్ళిందని ఒకరు, కోతలైపోయాయి కనక అని ఒకరు. ఎవరి నోటికి తోచింది వాళ్ళు చెప్పారు.

ఆదివారం పొద్దున్నే కొట్టు గెంజిరోకి అప్పగించి, ఆమె ఎదురు కొండెక్కింది. చరియ మళ్ళీ జారిందేమో చూద్దామని.

సాకుమా ఇంటి వెనక, బండ ఉండాల్సిన చోట బండే లేదు. మెత్తటి మట్టి, నడుమెత్తు గడ్డి. ఇంత మెత్తటి నేల మాటనెలా తిప్పి పంపుతుంది?

గడ్డి మధ్యలో ఒక చాప పరిచి ఉంది. రెండు పాదాల మేర అరిగిపోయింది. పక్కన రేకు డబ్బా నిండా అల్లం బిళ్లల కాగితాలు. తలెత్తితే లోయకి అవతల, సూటిగా తన కొట్టు, గట్టు.

కినుయో ఒక కాగితం తీసి చూసింది, తన కొట్టుదే.

మలుపులో హారన్ మోగింది.

కాసేపటికి ఒక పిల్ల గొంతు లోయ దాటి వచ్చింది. "ఓ... కొండా! నేనూ... రింకోనీ!"

కినుయో అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు.

"కొండా! వినపడిందా...?" ఈసారి ఆ గొంతులో ఏడుపు ఉంది.

కినుయో చెప్పులు విడిచింది. ఆ అరిగిన చోటనే పాదాలు పెట్టింది. కళ్ళు తుడుచుకుని, అరచేతులు నోటికి రెండువైపులా పెట్టుకుంది.

"వినపడిందా...?"

అవతల గట్టు మీద కేరింతలు. బస్సు కదిలేదాకా ఆమె ఆ చాప దిగలేదు.

ఆమె కొట్టుకి తిరిగొచ్చేసరికి గెంజిరో హుషారుగా ఎదురొచ్చాడు. "కొండ పలికిందే! గైడు మొహం వెలిగిపోయిందనుకో. ఏం చేశావేమిటి?"

కినుయో తల ఊపింది.

"ఏమిటా టెక్కు? నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?"

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఒక అల్లం బిళ్ల నోట్లో వేసుకుని, పొట్లం ఆయన చేతిలో పెట్టి, మిగిలిన కాస్త గొంతుతో అంది:

"వచ్చే ఆదివారం కొండ వంతు నీది బాబాయ్... మూడేళ్ళూ మనందరి వంతూ సాకుమా గారొక్కరే చేశారు."