పద్నాలుగు మెట్ల గైడ్

"నువ్వు ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి దొంగతనంగ కొట్టినవ్ అంటుండ్రు, అక్కా. కాదంటే ఇప్పుడు ఆడి చూపెట్టు." జగిత్యాల నుంచి వీడియో కాల్‌లో అన్నాడు మహిపాల్.

"చూపెడుత అనే అంటున్న గదా," అంది రజిత.

గేమ్‌లు ఆడేవాళ్ల సైట్‌లో తెలుగు గైడ్ల బాధ్యత చూసుకునేది మహిపాలే. ఏ గేమ్‌లో ఏ అచీవ్‌మెంట్, అంటే గేమ్ ఇచ్చే బిరుదు, ఎలా సాధించాలో, మెట్టు తర్వాత మెట్టు, రజిత అందులో రాస్తుంది. నాలుగేళ్లలో నలభై మూడు గైడ్లు. చివరిది 'తీరం' మీద. సముద్రం ఒడ్డున దీపస్తంభానికి కాపలా ఉండే గేమ్ అది. అందులో 'ఆరని దీపం' అనే అచీవ్‌మెంట్ సైట్ మొత్తంలో రజితకు ఒక్కదానికే వచ్చింది. ఆమె గైడ్ చదివి పద్నాలుగు మెట్లూ చేసిన పదకొండు మందికి రాలేదు.

"కొత్త అకౌంట్‌ల ఆడాలె. ఫోన్ కెమెరా నీ సిస్టం మీదనే ఉండాలె. నాలుగు గంటల దాకా టైం. రాకపోతే నలభై మూడు గైడ్లు తీసేస్త. నీ పేరు పక్కన మోసం అని రాస్త."

"రాయి."

"నా పది గంటలు ఎవలిత్తరు?" కాల్‌లోకి మరో గొంతు వచ్చింది. ఫిర్యాదు పెట్టిన కోరుట్ల మధుకర్. "నా ల్యాప్‌టాప్‌ల నాలుగుసార్లు ఆడిన. గైడా అది, కట్టుకథ!"

రజిత ఫోన్‌ను స్టాండ్‌కు బిగించి కంప్యూటర్ ముందు కూర్చుంది. రెండు దాటి ఐదు నిమిషాలైంది. గోడ అవతల షెడ్డులో తండ్రి రాజం సాంచాలు బట్ట నేస్తున్నాయి. ఆ చప్పుడుకు బల్ల మీద గ్లాసులో నీళ్లు కదులుతున్నాయి.

రాజం, పక్కింటి భాస్కర్ కలిసి ఒక ఇన్వర్టర్ మోసుకొచ్చి కంప్యూటర్ పక్కన దించారు.

"ఇదేంది బాపూ?"

"లైన్ పని నడుస్తుంది గదా బిడ్డ. రెండు నెలల సంది రోజు మూడింటికి తీస్తుండ్రు, నాలుగింటికి ఇస్తుండ్రు. నడిమిట్ల కరెంటు పోతే నీ ఆట ఆగమైతది."

"పోతే ఏంది? రోజు గట్లనే ఆడుత. అచ్చినంక మల్ల పెట్టుకుంట."

"ఇయ్యాల రోజసొంటి దినమా? పదిమంది చూస్తుండ్రు."

"నాలుగింటికి నాకు మల్ల గావాలె, చెల్లె," అన్నాడు భాస్కర్. అతనికి టెంట్ హౌస్ ఉంది. "తంగళ్ళపల్లిల ఫంక్షన్ ఉన్నది."

రజిత మొదటి మెట్టు మొదలుపెట్టింది. పడవ కట్టింది. నూనె తెచ్చింది. స్తంభం తలుపుకు తాళం వేసింది. ఒక్కో మెట్టు పేరు పైకి చదువుతూ చేసింది. మహిపాల్ టిక్ పెట్టుకున్నాడు.

మూడింటికి సాంచాలన్నీ ఒకేసారి ఆగాయి. గ్లాసులో నీళ్లు నిలిచాయి. ఇన్వర్టర్ ఒకసారి కుయ్యిమంది. కంప్యూటర్ ఆగలేదు.

"చూసినవా?" అన్నాడు రాజం.

మూడుంబావుకు పద్నాలుగో మెట్టు. దీపం వెలిగించాలి. కిందికి దిగకుండా, గేమ్‌లో తెల్లవారేదాకా దాని దగ్గరే కూర్చోవాలి. అది ఇరవై నిమిషాలు.

గేమ్‌లో తెల్లవారింది. ఏమీ రాలేదు.

"అయిపోయిందా సినిమా?" అన్నాడు మధుకర్.

"మల్ల చేస్త."

దీపం ఆర్పి మళ్లీ వెలిగించింది. మౌస్ మీద వేలు జారుతుంటే చున్నీకి తుడుచుకుంది. ఇంకోసారి తెల్లవారింది. ఏమీ రాలేదు.

"నేను చేసింది గిదే. ఒక్కటి గూడ వదలలే," అంది. ఆ మాట ఎవరితో అన్నదో ఆమెకే తెలియలేదు. మూడోసారి దీపం వెలిగించింది.

"అక్కా, నాలుగైతుంది," అన్నాడు మహిపాల్. "నీ గైడ్లు చూసే నేను ఆడుడు నేర్చుకున్న. కానీ ఏం జేయాలె?"

భాస్కర్ గుమ్మంలోకి వచ్చాడు. "చెల్లె, ఆటో అచ్చి ఆగింది."

"ఇంకొక్క పది నిమిషాలు ఆగరాదే," అన్నాడు రాజం.

"వద్దు బాపూ. తీసుకపోనీ. అయిపోయింది."

భాస్కర్ ప్లగ్ పీకాడు. దీపస్తంభం, సముద్రం, గది ఒకేసారి నల్లబడ్డాయి. స్టాండ్ మీద ఫోన్ ఒక్కటే వెలుగుతోంది.

రెండు నిమిషాలకు కరెంటు వచ్చింది. గోడ అవతల సాంచాలు మొదలయ్యాయి.

"ఒక్కసారి ఓపెన్ చెయ్యి అక్కా. ఎన్ని గంటలు ఆడినవో రికార్డుకు రాసుకొని తీసేస్త."

రజిత కంప్యూటర్ వేసి గేమ్ తెరిచింది. దీపం వెలుగుతూనే ఉంది. తెర మీద కుడి మూలన చిన్న పెట్టె తెరుచుకుంది: 'ఆరని దీపం'.

"అక్కా," అన్నాడు మహిపాల్, "ఇది ఎన్నో మెట్టు?"

రజిత గుమ్మం వైపు చూసింది. భాస్కర్ ఇన్వర్టర్ ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. ఆమె ఫోన్ వైపు తిరిగింది.

"మధుకర్, నీ ల్యాప్‌టాప్ బ్యాటరీ మంచిగనే ఉన్నదా?"

"కొత్తది. ఏం?"

రజిత గైడ్ తెరిచి, పద్నాలుగో మెట్టు కింద టైప్ చేసింది: "15. దీపం వెలుగుతుండగానే కరెంటు పోవాలి."