గడప పక్క పలక

మరెమ్ న్జాయ్ చెయ్యి మెరుపు పూత డబ్బా మీద ఆగింది.

"అది వద్దమ్మా. పక్కది తీసుకో."

దుకాణం అరుగు మీద టీ తాగుతున్న ముసలాయన అన్న మాట అది. గ్లాసు పట్టిన ఆయన కుడిచేతికి వేళ్ళు మూడే.

అయిదు రోజుల్లో మనుమరాలికి పేరు పెట్టే వేడుక. ముంగిట్లో చాపలు పరచి నలభైమందికి చేపల అన్నం పెట్టాలి. ఆ ముంగిలి నిండా ఉన్నవి, కూలిన తన తల్లి ఇంటినుంచి ఊడదీయించి తెచ్చుకున్న పూల సిమెంటు పలకలు. ఆ అచ్చు ఇప్పుడు సెన్ లూయీ దీవి మొత్తం గాలించినా దొరకదు. నూనె ఒలికితే మరక ఇక పోదు.

"పక్కది మెరవదుగా తాతా?"

"మెరవదు. లోపలికి ఇంకుతుంది. మనది ఉప్పు నేల, తేమ పైకి రావాలి. ఆ మెరుపుది పూసి మూతేశావంటే పలక ఊపిరాడక చస్తుంది."

"ఇంత తెలిసిన పెద్దమనిషి ఇంటిపేరేమిటో?"

"జోప్."

మరెమ్ ఫక్కున నవ్వింది. న్జాయ్‌లకూ జోప్‌లకూ ఎగతాళి తాతలనాటి హక్కు. జోప్ మాట నిజమనుకునే న్జాయ్ ఇంకా పుట్టలేదు.

"ముందే చెప్పొద్దూ! గిన్నె చప్పుడైతే చాలు, పిలవకుండా వచ్చి కూర్చునే రకం!"

"మీ న్జాయ్‌లు మెతుకు మిగిలిస్తే కదా మేం కూర్చునేది!" ఆయన నవ్వు ఆపాడు. "పూత మాట మాత్రం సరసం కాదమ్మా."

"జోప్ సరసం కాదన్నాడంటే అసలు సరసం అదే," అన్నాడు దుకాణదారు లాయ్.

"పోనీ, ఒక్క పలక నాకొదులు. గడప పక్కది," అన్నాడు ముసలాయన.

ఆ సాయంత్రం వచ్చాడు. గడప పక్క పలక మీద నీటిచుక్క వేసి, అది ఇంకేదాకా చూశాడు. ఆరాక పాతగుడ్డతో ఆ ఇంకే పూత అద్దాడు. పోతూ పోతూ పక్క పలకమీద కూడా కాసేపు అరచెయ్యి ఆనించాడు.

"పిలవకపోయినా భోజనానికి వస్తా," అన్నాడు.

రాలేదు.

వేడుకనాడు మిగతా ముంగిలి మెరుపు పూతతో అద్దంలా మెరిసింది. వానలు వెళ్ళేసరికి పూత తెల్లగా ఉబ్బి, పూలరంగును కూడా పెచ్చులుగా లేపుకుపోయింది. గడప పక్క పలకమీద ఎర్రపువ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

మరెమ్ దుకాణానికి పరుగెత్తింది. "ఆ జోప్ తాత ఏడి?"

"నీకు తెలీదా? మీ వేడుక ముందురోజే పోయాడు."

"ఏం పని చేసేవాడు?"

"ఏమో! నేను కొట్టు తెరిచేనాటికే అరుగుమీద టీ తాగుతున్నాడు."

ఇంటికొచ్చి, పూర్తిగా పాడైన పలకనొకదాన్ని ఉలితో పెకలించింది. తిరగేసి తడితే అంటుకున్న పాత గచ్చు రాలింది.

దాని వెనుక, చేసినవాడు సంతకానికి బదులుగా పచ్చి సిమెంటులో ఒత్తిన కుడిచేతి గుర్తు ఉంది, వేళ్ళు మూడే.