గడియ పడిందా

జూలో పులి బోనుకి గడియ పెట్టాక ఒకడు "వేశా" అనాలి, రెండోవాడు లాగి చూసి "చూశా" అనాలి. మొన్న తోటివాడు రాలేదు. కాపరి రెండు మాటలూ తనే అనేసి టీకి పోయాడు. గడియ పడనే లేదు. ఫొటో కోసం తలుపు తోసుకుని వెళ్ళిన కుర్రాడు మళ్ళీ బయటికి రాలేదు.

"ఆ కుర్రాణ్ణి లోపలికెవడు పొమ్మన్నాడు?" అని తేల్చేశారు జూ పెద్దసారు.

ఈ రాత్రీ ఒక్కడే. గడియ పెట్టి, అలవాటుకొద్దీ "వేశా" అన్నాడు. రెండో మాట అనబోయి ఆగాడు. లోపల పులి ఎముక కొరకడం ఆపింది.

ఊచల అవతల చీకట్లోంచి ఓ కుర్ర గొంతు, ఓపిగ్గా అంది:

"పడలేదన్నా. లాగి చూడు."

లాగాడు. తలుపు మెత్తగా చేతికొచ్చింది.