ముప్పై సెకన్ల స్టాపు

"ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు. ఇక్కడెందుకు ఆపావమ్మా?" అన్నాడు తనిఖీ ఆఫీసరు, డ్రైవరు సీటు వెనక నిలబడి.

"బండికి దాహం వేసింది సార్," అంది డ్రైవరమ్మ. మీట నొక్కగానే బస్సు నెత్తిమీది ఇనుప చెయ్యి లేచి ఛార్జింగ్ స్తంభాన్ని అందుకుంది.

ఆమె ఒక్కసారి హారన్ కొట్టింది. ఎదురుగా ఆసుపత్రి మూడో అంతస్తు కిటికీలో ఆకుపచ్చ కండువా ఊగింది.

"ఎవరది?"

"మా చెల్లెలు. అంటురోగాల వార్డు. రెండు నెలలుగా నన్ను లోపలికి రానివ్వట్లేదు. రోజుకి ఆరుసార్లు ఇలా చూసుకుంటాం."

"అయితే ఆవిడ కోసమా ఈ స్టాపు?"

డ్రైవరమ్మకి ఒళ్ళు మండింది. ఫైళ్ళు మోసే మనిషికి బండి సంగతేం తెలుసు?

"ఇందులో ఉన్నది బ్యాటరీ కాదు సార్, సూపర్ కెపాసిటర్. బొగ్గుపొడి పూసిన రేకులు. గంటలకొద్దీ తాగదు, ముప్పై సెకన్లలో నిండుతుంది. లక్షసార్లు నింపినా చెక్కుచెదరదు. కానీ కడుపు చిన్నది, రెండు స్టాపులకే ఖాళీ. ఊరికే నిలబెట్టినా కారిపోతుంది. ముందున్నది వంతెన. ఇక్కడ నింపకపోతే మీరే దిగి తొయ్యాలి."

బస్సులో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. "రోజూ ఇదే గోల! ఆఫీసుకి లేటు," అని వెనకనుంచి ఎవరో సణిగారు.

"లేటైతే దిగి నడవండి. ముప్పై సెకన్లకి ఒక్కటి తగ్గినా నేను కదలను!"

"స్టాపు ఎత్తేసే ఆర్డరు నా చేతిలోనే ఉందమ్మా. సంతకమే తరువాయి. మాట వినకపోతే నీ ఉద్యోగానికే ముప్పు."

ఉద్యోగం పోతే చెల్లెలి మందులు ఎవరు తెస్తారు? అయినా ఆమె గొంతు తగ్గలేదు.

"పెట్టుకోండి సార్ సంతకం. రేపూ ఆపుతా, ఎల్లుండీ ఆపుతా. ఏం చేసుకుంటారో చేసుకోండి."

ఆఫీసరు వంగి ఛార్జింగ్ మీటరు చూశాడు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. కిటికీలో కండువా ఇంకా ఊగుతూనే ఉంది. ఆయన కాగితం తీసి, రాస్తూ పైకి చదివాడు.

"వంతెన ఎక్కాలంటే ఇక్కడ ఛార్జింగ్ తప్పనిసరి. స్టాపు ఉంచాలి. సరేనా?"

"అలా దారికి రండి," అంది డ్రైవరమ్మ, బండి కదిలిస్తూ. పై ఆఫీసు మనిషి నోరు మూయించానని ఆమెకి పట్టరాని సంబరంగా ఉంది.

మూడు నెలల కిందట ఆ స్తంభానికి కరెంటు పీకించింది ఆయనే.