ఇసుకలో రెండు కళ్ళు

"ఏదండీ చేప?" అన్నారు అక్వేరియం కొత్త డైరెక్టరు గారు, గాజుకి ముక్కు ఆనించి.

తొట్టి అడుగున ఇసుక. పైన నీళ్ళు. అంతే.

"ఇసుకని చూడ్డానికి టికెట్టా? ఇవాళ కనబడిందా సరే. లేదంటే రేపట్నుంచి ఇందులో రంగు చేపలు. దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం."

చేపల సంరక్షకుడు గబగబా ముందుకొచ్చాడు. భార్య పోయాక అతనికి ఇల్లూ సంసారమూ ఆ బల్లపరుపు చేపే. పొద్దున్నే దాన్ని పలకరించందే కాఫీ కూడా తాగడు.

"దాని తీరే అంత సార్. పిల్లప్పుడు అన్ని చేపల్లాగే నిటారుగా ఈదుతుంది. పెరిగేకొద్దీ ఒక కన్ను రెండో కంటి పక్కకి కాపురం మార్చేస్తుంది. ఇక జన్మంతా నీటి అడుగు ఇసుకలో పక్కకి ఒరిగి పడుకోవడమే. ఒళ్ళు ఇసుక రంగులోకి మార్చుకుని, కళ్ళు మాత్రం పైకి పెడుతుంది."

"అచ్చం మా బావమరిదే!" అన్నారు డైరెక్టరు గారు. "అది సరే, మీ చొక్కాకి పై గుండీలేవీ? నలుగురూ వచ్చే చోటు కదా!"

సంరక్షకుడు మెడ దగ్గర చేయి అడ్డం పెట్టుకున్నాడు. "మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఊడేవి కావు సార్."

డైరెక్టరు గారు మెత్తబడ్డారు. మళ్ళీ వంగారు.

"ఆ గులకరాయి పక్కన చూడండి సార్. నల్లగా, రెండు."

"ఏదీ... ఆఁ! కళ్ళు! నన్నే చూస్తోందండీ!"

జనం ఎగబడ్డారు. ఒక బామ్మగారికి తోక కూడా కనబడింది. "అబ్బో, చాటంత ఉంది!" అని బుగ్గలు నొక్కుకుంది.

"రెప్ప కొట్టింది!" అని అరిచారు డైరెక్టరు గారు.

ఆ చేపకి రెప్పలుండవని సంరక్షకుడికి తెలుసు. అంత సంబరాన్ని పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాడు.

"దానికి మీరు నచ్చినట్టున్నారు సార్."

"ఈ తొట్టి జోలికి ఎవరూ రాకూడదు!" అని హుకుం జారీ చేసి, తొట్టికి చెయ్యూపి మరీ వెళ్ళారాయన.

తలుపులు మూసే వేళకి టికెట్లమ్మే ఆవిడ సూదీ దారంతో వచ్చింది.

"వెనక గదిలో ఎలా ఉంది అన్నయ్యా?"

"పొద్దున కాస్త ఎంగిలి పడిందమ్మా. మందు పనిచేసింది. రేపు మళ్ళీ తొట్టిలోకి తెచ్చేసుకుంటా."

"హమ్మయ్య! అయితే ఇటివ్వండి, కుట్టేస్తాను."

సంరక్షకుడు మోచేతి దాకా చేయి తొట్టిలో ముంచి, గులకరాయి పక్కనున్న చేప కళ్ళు రెండూ ఏరి ఆమె అరచేతిలో పెట్టాడు.